ఏ డబ్బాలో కొట్లాట కష్టం

మా కోడలి కుడిచేతి కట్టు విప్పిన రోజున ఆ చేత్తో ఆమె పిడికిలి బిగించలేకపోయింది. పటాన్‌చెరు చౌరస్తాలో షేర్ ఆటో దిగబోయి జారిపడితే మణికట్టు విరిగింది. ఎముక చక్కగా అతుక్కుందని డాక్టరు చెప్పాడు. అతుక్కున్నది ఎముకే. వేళ్లు మాత్రం ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. అందులో బొటనవేలు మరీ మొండిది. వంగదు, అరచేతి వైపు రాదు. జడ వేసుకోవాలన్నా నన్నో, తన కూతుర్నో పిలవాల్సి వచ్చేది.

గడ్డపోతారంలో మందుబిళ్లల ఫ్యాక్టరీలో ఆమెది ప్యాకింగ్ పని. బెల్టు మీద బిళ్లల స్ట్రిప్పులు వరసగా వస్తుంటాయి. వాటిని అందుకుని, మడతపెట్టిన కాగితం ఒకటి జతచేసి, చిన్న అట్టపెట్టెలో దూర్చి, మూత నొక్కి పక్కకు తోయాలి. చూస్తే పిల్లలాట. కానీ స్ట్రిప్పును పట్టేదీ బొటనవేలే, మూతను నొక్కేదీ బొటనవేలే. ఆమె కాంట్రాక్టు మనిషి. చేయి బాగయ్యేదాకా కూర్చోబెట్టి జీతం ఇవ్వరు. సూపర్‌వైజరు మంచివాడు కాబట్టి ఒక మాట ఇచ్చాడు.

"దసరా దాక నీ జాగల పర్మినెంటుగ ఎవ్వర్ని పెట్టనమ్మా. పండుగ అయినంక వచ్చి ఒక్క షిఫ్టు లైన్ మీద నిలబడి చూపెట్టు. అందుకున్నవంటే జాగ నీదే. అందుకోకపోతే నా చేతుల ఏం లేదు."

ఫోన్లో అతను అన్న మాటలు ఆమె మాకు అలాగే అప్పజెప్పింది. నా కొడుకు పాశమైలారంలో మిషన్ ఆపరేటరు. రెండు జీతాల మీద నడిచే ఇల్లు మాది. కాబట్టి ఆ దసరా మాకు పండుగలా రాలేదు, గడువులా వచ్చింది.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి ఒక మెత్తటి బంతి ఇచ్చి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పిసకమని చెప్పింది. మా కోడలు ఇంటెడు చాకిరీ విసుక్కోకుండా చేస్తుంది గానీ, ఆ బంతిని చూస్తే మాత్రం ముఖం తిప్పుకునేది.

"బంతి పిసుకుతున్నవానే?" అని నేను అడిగేదాన్ని.

"పిసుకుతున్న అత్తమ్మ."

"ఏడ? బంతి టీవీ పక్కన ఉన్నది, నువ్వు పొయ్యి కాడ ఉన్నవ్."

"దాన్ని జూస్తెనే యాష్టకొస్తున్నది. పిసికినా గట్లనే ఉంటది, పిసకకున్నా గట్లనే ఉంటది. అది నాతోని మాట్లాడుతదా, కొట్లాడుతదా?"

మాట్లాడే, కొట్లాడే బంతి ఎక్కడ దొరుకుతుంది? నేను తిట్టాను. తిట్టినప్పుడు కాసేపు పిసికేది. నేను లోపలికి పోగానే మళ్లీ టీవీ పక్కన పెట్టేది.

అలాంటి రోజుల్లో సజ్జ మీది పాత గిన్నెలు దించమని మనుమరాలికి పురమాయించాను. ఇంటర్ చదివే పిల్ల. నిచ్చెన ఎక్కినమ్మ గిన్నెలు దించడం మాని, పాత చున్నీలో మూట కట్టిన డబ్బాలను దించింది. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. టీవీకి తగిలించి క్యాసెట్ గుచ్చి ఆడుకునే ఆట డబ్బాలు. వైర్లు, రిమోట్లు, క్యాసెట్లు అన్నీ వాటితోపాటే ఉన్నాయి. నేను మూట కట్టినవి కాబట్టి ఉంటాయి మరి. పాత లావు టీవీ కూడా మంచం కింద ఉంది. పాతసామాను వాడు దానికి చెప్పిన ధర నాకు నచ్చక అమ్మలేదు.

ఇవి మా ఇంట్లో ఎందుకున్నాయో చెప్పాలి. మేం పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకోక ముందు, పటాన్‌చెరులో ఫ్యాక్టరీల గేటుకు ఎదురు సందులో మాకు వీడియో గేమ్‌ల దుకాణం ఉండేది. మా ఆయన డ్యూటీకి పోతే గల్లా దగ్గర నేను కూర్చునేదాన్ని. షిఫ్టు దిగిన బిహారీ, ఒడియా కుర్రాళ్లు, చుట్టుపక్కల మన పిల్లలు వచ్చేవాళ్లు. బడి సంచితో వచ్చినవాణ్ని మాత్రం గడప తొక్కనిచ్చేదాన్ని కాదు.

అన్నిట్లోకీ ఎక్కువ గిరాకీ గల్లీ కొట్లాట ఆటకే ఉండేది. ఒక మనిషి గల్లీ వెంట నడుచుకుంటూ పోతుంటాడు. దారి పొడుగునా రౌడీలు అడ్డమొస్తారు. వాళ్లను గుద్ది, తన్ని, పట్టుకుని విసిరేసి ముందుకు సాగాలి. గల్లీ చివర లావుపాటి దాదా ఒకడు నిలబడి ఉంటాడు. వాణ్ని పడగొడితే ఇంకో గల్లీ. అదే ఆట మా దుకాణంలో మూడు డబ్బాల్లో ఉండేది. నిలబడి ఆడే పెద్ద చెక్క డబ్బా ఒకటి, కాయిన్ వేస్తేనే ఆడిస్తుంది. ఇక తెల్ల డబ్బా, నల్ల డబ్బా. ఈ రెండూ టీవీ ముందు స్టూలు మీద కూర్చుని ఆడేవి, గంట లెక్కన. పేరు ఒకటే, కథ ఒకటే, దాదా మీసం కూడా ఒకటే. ఆట మాత్రం దేనిది దానిదే.

నేను చదివింది రెండో తరగతి దాకా. తెర మీది ఇంగ్లీషు నాకు రాదు. అయినా ఏ డబ్బా ఎంత కష్టమో నన్ను అడిగి తెలుసుకునేవాళ్లు. కొత్తగా వచ్చినవాడు "ఏది అల్కగుంటదక్కా?" అని తేలికైనదాన్ని అడిగితే గల్లా దగ్గర నుంచి లేవకుండానే చెప్పేదాన్ని. నా లెక్క ఒక్కటే. కూర్చున్నవాడు ఎంతసేపటికి లేస్తున్నాడు. చెక్క డబ్బా ముందు నిలబడినవాడు చాయ్ చల్లారేలోపు కాయిన్ పోగొట్టుకుని తల గోక్కునేవాడు. కాబట్టి అది కష్టం. తెల్ల డబ్బా ముందు కూర్చున్నవాడు లేవమన్నా లేచేవాడు కాదు. కాబట్టి అది తేలిక. నల్లది మధ్యస్తం.

చెక్క డబ్బా కష్టంగా ఉండటంలో నా చేయి కూడా ఉంది. వెనక తలుపు తీస్తే లోపలి పలక మీద చిన్న చిన్న స్విచ్చులు వరసగా ఉంటాయి. ఒకటి పైకి లేపితే ప్రాణాలు తగ్గుతాయి, ఇంకొకటి లేపితే రౌడీలు గట్టిపడతారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ చూపించాడు. నేను అన్నీ పైకి లేపి పెట్టాను. అందరూ అలాగే పెట్టేవాళ్లు. కరెంటు బిల్లు, కిరాయి ఆ డబ్బానే కట్టాలి కదా.

ఇక అసలు సంగతికి వస్తాను. మనుమరాలు తెల్ల డబ్బాను ఆ పాత టీవీకి తగిలించింది. క్యాసెట్ మూతిలో ఊదబోతే ఆపాను. ఊదితే ఉమ్మి పడి లోపలి రేకులు పాడవుతాయి. పొడి గుడ్డతో తుడిచి గుచ్చాను. బొమ్మ వచ్చింది. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మనుమరాలు ఆడుతుంటే పక్కన కూర్చున్న మా కోడలు రెండో రిమోట్ తీసుకుని ఊరికే బటన్లు నొక్కుతోంది. తెరమీద ఆమె మనిషి లేనే లేడు. అయినా నొక్కుతోంది. బంతిని అంతసేపు పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆసుపత్రికి పోయినప్పుడు ఆ ఫిజియోథెరపీ అమ్మాయినే అడిగాను. వేళ్లు కదలాలి, అది బంతితో అయినా ఆటతో అయినా సరే, నొప్పి పెరిగితే మాత్రం ఆపాలి అని చెప్పింది. ఇంకేం కావాలి? ఏది తేలికో, ఏది కష్టమో ఇంట్లో నాకంటే తెలిసినవాళ్లు లేరు. తేలికదానితో మొదలుపెట్టి కష్టమైనదానికి పోదామని తీర్మానించాను. తెల్ల డబ్బా ముందు కోడల్ని కూర్చోబెట్టాను.

"ఇది అన్నిట్లకెల్ల అల్కటిది. పోరగాండ్లు కూసుంటే లేవకపోతుండె. ఆడు" అన్నాను.

మొదటి రౌడీ వచ్చాడు. ఆమె గుద్దింది. వాడు పడ్డాడు, లేచాడు. మళ్లీ గుద్దింది. మళ్లీ లేచాడు. వాడు చచ్చేసరికి ఆమె నుదుటికి చెమట పట్టింది. కొంచెం ముందుకు పోతే రోడ్డు మధ్యలో గుంట. దాన్ని ఎగిరి దాటాలి. ఆమె మనిషి ఎగరలేదు. గాల్లోకి ఒక తన్ను తన్ని గుంటలో పడ్డాడు. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ గుంటలో. పక్కనుంచి మనుమరాలు "రెండు బటన్లు ఒక్కతాన ఒత్తాలె మమ్మీ, ఒక్కతాన" అని అరుస్తోంది. నేను "ఒత్తవే, గట్టిగ ఒత్తు" అంటున్నాను.

మూడు రోజులు అలాగే కూర్చోబెట్టాను. మూడో రోజు సాయంత్రం ఆమె రిమోట్‌ను నేల మీద పెట్టేసింది. బొటనవేలి మొదట్లో వాపు కనిపిస్తోంది.

"గిదేనా అత్తమ్మ, నీ అల్కటి ఆట? ఇగ కష్టపుది ఎట్లుంటదో! నా చెయ్యి ఇగ గింతే. ఆ జాగ ఎవ్వరికన్న ఇయ్యమని సార్‌కు ఫోన్ జేసి చెప్త."

"ఏం జేస్తవ్ ఫోన్ జేసి?"

"ఊడ్చే పని ఉన్నదట. చీపురు పట్టనీకె బొటనేలు అక్కర్లేదు."

చీపురు పట్టడానికీ బొటనవేలు కావాలి. కానీ అప్పుడు ఆ మాట అనే సమయం కాదు. నా కొడుకు వచ్చి "ఆట లేదు, గీట లేదు, ఇడిసిపెట్టు అమ్మా. జెర ఆరామ్ తీసుకోనియ్యి" అని నా మీదే కసురుకున్నాడు. నాలుగు రోజులు చేతికి ఏ పనీ లేదు. బతుకమ్మకు ఇంక రెండు వారాలే ఉంది. పక్కింటివాళ్లు తంగేడు పూలు తెచ్చి ఇస్తే కోడలు దేవుడి పటం ముందు ఎడమచేత్తో ఒక్కొక్కటే పేరుస్తుంటే చూశాను. దసరా ఇంకా ఎంతో దూరం లేదు.

మధ్యాహ్నం ఆమె పడుకున్నాక తెల్ల డబ్బా పెట్టి రిమోట్ నా చేతుల్లోకి తీసుకున్నాను. చెబితే నవ్వుతారు గానీ, అన్నేళ్లు దుకాణం నడిపి నేను ఒక్కసారీ ఆడలేదు. ఎందుకు ఆడతాను? నేను కూర్చుంటే ఆ స్టూలు మీద గిరాకీ కూర్చోదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?

మొదటి రౌడీ చేతిలోనే చచ్చాను. అది నాకు పట్టలేదు. నా కన్ను పడింది ఎగరడం మీద. ఆ రిమోట్‌కు ఉన్నవి రెండే బటన్లు. ఒకటి గుద్దు, ఒకటి తన్ను. ఎగరడానికి వేరే బటన్ లేదు. రెండింటినీ ఒకే బొటనవేలితో అడ్డంగా పడుకోబెట్టి ఒకే క్షణంలో నొక్కాలి. ఒకటి ముందు, ఒకటి వెనక పడితే గుంటలోకే. వేలు బాగున్న నాకే మెలితిరిగిపోయింది. మా కోడలిది విరిగి అతికిన చేయి. ఇంకో సంగతి కూడా కనిపించింది. ఆ డబ్బా పాతది, బలహీనమైనది. తెర మీద ఇద్దరు రౌడీలకంటే ఎక్కువ మందిని చూపించలేదు. ఇద్దరే కాబట్టి ఒక్కొక్కణ్ని గట్టిగా తయారుచేసి పెట్టారు. చెక్క డబ్బాలో నాలుగు దెబ్బలకు పడేవాడు ఇందులో పదిసార్లు లేస్తాడు. పిల్లలు లేవకుండా కూర్చున్నది ఆట తేలికై కాదు, అది తెమలక. ఇద్దరే రౌడీలు, మెల్లగా వస్తారు, ఆడేవాడు చావడానికి చాలాసేపు పడుతుంది. కాయిన్ లెక్కకు అది తేలిక. బొటనవేలి లెక్కకు అదే అన్నిట్లోకీ కష్టం. నేను గల్లా దగ్గర కూర్చుని స్టూలును చూశాను, చేతిని చూడలేదు.

సాయంత్రం మనుమరాలు కాలేజీ నుంచి వచ్చేసరికి నేను నల్ల డబ్బా పెట్టి కూర్చున్నాను.

"నానమ్మా! నువ్వేంది, గేమ్ ఆడుతున్నవా?"

"ఆడుతలేను, చూస్తున్న. ఈ మూడు బటన్లు ఏందేందో చెప్పు."

"గది గుద్దనీకె, గది ఎగరనీకె. ఇంగొకటేమో చుట్టూ ఉన్నోళ్లందర్ని ఒక్కపారి కొట్టనీకె. అయ్యో, ఎనక చూడు, ఎనక! అగో, సచ్చినవ్."

"సస్తే సచ్చిన. నువ్వు మొత్తుకోకు."

"మా నానమ్మ రౌడీలతోని తన్నులు తింటున్నదని స్టేటస్ పెడుత."

"పెట్టు. రేపటి సంది నీ జడ నువ్వే ఏసుకో."

ఆ పిల్ల ఫోను లోపల పెట్టేసింది. ఇద్దరం కలిసి నల్ల డబ్బాను పరీక్షించాం. అందులో గుద్దుకు ఒక బటన్, ఎగరడానికి వేరే బటన్. రెండు కలిపి నొక్కే బాధ లేదు. రిమోట్ లావుగా, గుండ్రంగా ఉంటుంది. పూర్తిగా ముడుచుకోని చేతిలో కూడా కూర్చుంటుంది. రౌడీలు ముగ్గురు నలుగురు కలిసి వస్తారు నిజమే. కానీ ఒకణ్ని దగ్గరికి రానిచ్చి పట్టుకుని విసిరితే మిగతావాళ్లు వాడి కింద పడతారు. ఒక్క నొక్కుకు ముగ్గురు. పైగా ఆట మొదలయ్యే ముందు తేలికా, మామూలా, కష్టమా అని అదే అడుగుతుంది. మనుమరాలు చదివి తేలిక మీద పెట్టింది. వేలికి ఇది తెల్లదానికంటే ఎంతో నయం. అయినా నొక్కాల్సింది బొటనవేలితోనే. వాపు ఇంకా తగ్గలేదు. బొటనవేలు లేకుండా మొదలయ్యేది ఒకటి కావాలి.

అప్పుడు చెక్క డబ్బా బటన్లు కళ్ల ముందు మెదిలాయి. అవి రూపాయి బిళ్లకంటే పెద్దవి. షిఫ్టు దిగిన కుర్రాళ్లు వాటిని వేళ్లతో నొక్కేవాళ్లు కాదు, అరచేత్తో బాదేవాళ్లు. బాదొద్దని నేను అరిచిన అరుపులకు లెక్క లేదు.

ఆ డబ్బాను దుకాణం ఎత్తేసేటప్పుడు మా పాత గిరాకీ ఒకతనికి అమ్మాను. ఇప్పుడతనికి ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో, దుర్గమ్మ గుడికి పోయే దారిలో కూల్‌డ్రింకుల కొట్టు ఉంది. మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని పోయాను. డబ్బా రేకుల కింద పాలిథిన్ కవరు కప్పుకుని నిలబడి ఉంది. అతనికి జుట్టు తెల్లబడింది, పొట్ట వచ్చింది.

"అక్కా! ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా నేను?"

"నువ్వు గాదు, డబ్బా యాదికొచ్చింది. నడుస్తున్నదా?"

"నడుస్తున్నది. గుడికొచ్చిన పోరగాండ్లు ఆడుతరు. నువ్వు పెట్టిన స్విచ్చులు నువ్వు పెట్టినట్లనే ఉన్నయ్. అప్పుడు నన్ను ఏడిపించినవ్, ఇప్పుడు నేను గీళ్లను ఏడిపిస్తున్న."

చేతి సంగతి, ఫ్యాక్టరీ సంగతి, దసరా సంగతి చెప్పాను. వెనక తలుపు తెరవమన్నాను.

"మొత్తం కిందికి దించుతవా అక్కా? గిట్ల అల్కగ జేస్తే ఒక్కడు లేస్తడా? ఇగ నేను ఈగలు తోలుకుంట కూసోవాలె."

"జనం లేని రోజుల్లనే వస్తం. పోయేటప్పుడు మళ్ల లేపి పోత. కాయిన్ లేకుంట నడిపే బటన్ లోపల ఉండె, ఉన్నదా?"

"అగో, అది గూడ యాదికున్నది నీకు!"

తాళం తీశాడు. స్విచ్చులన్నీ దించాను. అవి ఎప్పుడూ అలా కిందికి ఉండగా నేను చూడలేదు. లోపలి బటన్ నొక్కితే కాయిన్ లేకుండానే ఆట మొదలైంది. కోడలు ఎడమచేత్తో కర్ర పట్టుకుంది. అది గుండ్రటి తలకాయ ఉన్న జాయ్‌స్టిక్కు, ఎడమచేతి పని. కుడిచేత్తో బటన్ల మీద మెల్లగా తట్టింది.

"గట్ల గాదు చెల్లె, ఏలుతోని ఒత్తు" అన్నాడతను.

"ఏలు లేదన్నా నాకు."

"దంచనియ్యి దాన్ని. రోట్ల కారం దంచినట్లు దంచనియ్యి" అన్నాను నేను.

దంచింది. మొదట భయం భయంగా, తర్వాత కసిగా. చెక్క డబ్బాలో రౌడీలు గుంపుగా వస్తారు, వెనక నుంచి కూడా వస్తారు. కానీ గుంపు ఎక్కువైతే డబ్బాకే ఆయాసం వస్తుంది. అందరూ నీళ్లల్లో నడిచినట్టు మెల్లగా నడుస్తారు. అప్పుడు కొత్తవాళ్లకు కూడా దెబ్బ తగిలించడానికి తీరిక దొరుకుతుంది. స్విచ్చులు దించి ఉన్నాయి కాబట్టి రెండు దెబ్బలకే పడుతున్నారు. మొదటి దాదా పడినప్పుడు ఆమె "ఆఁ! పండు బిడ్డా పండు!" అని అరిచింది. కొట్టుకొచ్చిన ఒక ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

మా దుకాణంలో అందరూ భయపడ్డ డబ్బా ఆమె చేతికి అన్నిట్లోకీ తేలిక అయింది. మా వరస తిరగబడింది. మొదట చెక్క డబ్బా, తర్వాత నల్లది, చివర తెల్లది.

జనం పలచగా ఉండే రోజుల్లో సంగారెడ్డి నుంచి బస్సెక్కి పోయేవాళ్లం. అరచేత్తో బాదడం పోయి నాలుగు వేళ్లు కలిపి కొట్టడం వచ్చింది. తర్వాత ఒక్కో వేలు విడిగా. వాపు తగ్గాక నల్ల డబ్బా ముందు కూర్చోబెట్టాను. అందులో బొటనవేలు మెల్లగా బటన్ నుంచి బటన్‌కు జరగడం నేర్చుకుంది. నొప్పి అంటే ఆపేవాళ్లం. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో చేయి పెట్టించేదాన్ని. బంతి కూడా మానలేదు. ఆటకు ముందు బంతి పిసికితేనే టీవీ పెడతానని మొండికేశాను. ఇప్పుడు నా చాటున పక్కన పెట్టకుండా పిసికేది. చేయి బాగుపడింది దేనివల్లని అడిగితే నేను చెప్పలేను. బంతి పేరు ఆసుపత్రివాళ్లు చెబుతారు, రౌడీల పేరు నా కోడలు చెబుతుంది.

ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ మర్నాడు తెల్ల డబ్బా పెట్టాం. రోడ్డు మధ్య గుంట వచ్చింది. ఆమె బొటనవేలు అడ్డంగా పడుకుంది. రెండు బటన్లు ఒక్కసారే కిందికి పోయాయి. మనిషి ఎగిరాడు, దాటాడు. అవతలి ఒడ్డున రౌడీ ఒకడు కాచుకుని ఉండి కొట్టి మళ్లీ గుంటలో పడేశాడు. అయినా ఎగిరాడు కదా. మనుమరాలు ఎగిరి గంతేసింది. "కూసో, కింది పోర్షనోళ్లు పైకొస్తరు" అని కోప్పడ్డాను.

పండుగ అయ్యాక సూపర్‌వైజరు చెప్పిన రోజున కోడలు ఫ్యాక్టరీకి పోయింది. ఆ రోజు నాకు ఏ పనిలోనూ మనసు నిలవలేదు. బియ్యంలో రాళ్లు ఏరాను. అవి అంతకుముందే ఏరి పెట్టిన బియ్యం.

చీకటి పడుతుండగా వచ్చింది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగింది. చివరకు నా కొడుకు "ఏమన్నరు మరి?" అన్నాడు.

"షురూల అందుకోలే. కండ్ల ముంగట నుంచే పోయినయ్ స్ట్రిప్పులు. నా పక్కన ఒడిస్సా పిల్ల ఉన్నది. 'దీదీ, ఆరామ్‌సే' అనుకుంట నా దాంట్లకెల్లి కొన్ని తీసుకున్నది. సార్ ఎనకనే నిలబడ్డడు."

"తర్వాత?"

"చాయ్ బ్రేకు అయినంక చెయ్యి మాట వినుడు షురూ అయ్యింది. ఇగ ఆ పిల్లను తియ్యొద్దన్న. లైన్ నయం అత్తమ్మ, అది ఒక్క తీరుగనే వస్తది. గా తెల్ల డబ్బల రౌడీల లెక్క మళ్ల మళ్ల లేవదు."

"సార్ ఏమన్నడో చెప్పవేందే!" అన్నాను. ఓపిక పట్టడం నా వల్ల కాలేదు.

"మూతలు కొన్ని సరిగ్గ కూసుంటలెవ్వన్నడు. నెల దాక చూస్త, జెర జాగ్రత్తగ జెయ్యమన్నడు. రేపు ఫస్టు షిఫ్టుకు రమ్మన్నడు."

నా కొడుకు లేచి బయటికి పోయి కాసేపు వాకిట్లో నిలబడి వచ్చాడు. మనుమరాలు వాళ్లమ్మ భుజం మీద తల పెట్టింది. నేను కంచాలు పెట్టాను. కట్టు పడ్డప్పటి నుంచి కోడలు చెంచాతోనే తింటోంది. ఆ రోజు అలవాటుగా చెంచా వేసి పెట్టాను. ఆమె దాన్ని పక్కకు జరిపి, కుడిచేత్తో పప్పు కలిపింది. ముద్ద గట్టిగా రాలేదు, మెతుకులు వేళ్ల సందుల్లోంచి రాలాయి. రాలిన మెతుకులను ఏరుకుని మళ్లీ ముద్ద చేసుకుంది.

తిన్నాక గిన్నెలు ముందు వేసుకుని కూర్చోబోతే లేపాను.

"పోయి పండు. పొద్దుగాల్నే బస్సున్నది. ఆ చేతికి ఇయ్యాల్టికి పని చాలు."

వెళ్లింది. గిన్నెలు నేను తోముకున్నాను.